మా వదినె వండిన సోయా కూర

మా ఆయన అక్క నాకు వదినె. ఆమె నాకు చేసింది మర్చిపొమ్మని చాలామంది చెప్పారు. నేనెందుకు మర్చిపోవాలి?

ఎనభైల చివర్లో, సూర్యాపేటలో నేను కొత్త కోడలిని. అది కార్తీకమాసం, మా అత్తమ్మ నీసు ముట్టదు. మా ఆయన హైదరాబాద్ నుంచి మీల్ మేకర్ పొట్లం తెచ్చాడు. అప్పటికి మా వీధిలో దాని మొహం చూసినవాళ్లు లేరు. వేడినీళ్లలో నానబెట్టి, నీళ్లు పిండేసి, అల్లం వెల్లుల్లి, మసాలా వేసి ఘుమఘుమలాడేలా కూర చేశాను. అత్తమ్మ పీట మీద కూర్చుంది. అప్పుడే కోదాడ నుంచి వదినె దిగింది. గిన్నె మూత తీసి, ఒక ముక్క గిల్లి చూసి గొంతెత్తింది.

"కార్తీకంల మా అమ్మకు మాంసం పెడ్తవానే?"

"మాంసం కాదు వదినె, మీల్ మేకర్. సోయా గింజలతోటి చేస్తరు."

"గింజైతే గింజ లెక్క ఉండాలె. గిట్ల పీచులు పీచులు వస్తదా?"

గిన్నె ఎత్తుకెళ్లి వీధిలో పారబోసింది. ఇరుగుపొరుగు చూస్తుండగా నాతో ఇల్లు కడిగించింది. ఆ రోజు నుంచి అత్తమ్మ కార్తీకమంతా, పూజలప్పుడూ నా చేతి వంట తినడం మానేసింది. నడుము పట్టుకుని తనే వండుకునేది. నేను గడప ఇవతల నిలబడి చూసేదాన్ని. నిజం చెప్పి దొంగనైపోయాను.

తొంభైలు వచ్చేసరికి మీల్ మేకర్ లేని పెళ్లి విందు లేదు. వదినె కూడా లొట్టలేసుకుంటూ తిన్నది. పాత ముచ్చట మాత్రం ఎత్తితే ఒట్టు.

ఆమె కొడుక్కి మిర్యాలగూడ సంబంధం వచ్చింది. పిల్ల తరఫువాళ్లు కోదాడకు ఇల్లు చూడటానికి వస్తున్నారని మమ్మల్నీ పిలిచింది. అదీ కార్తీకమే. అత్తమ్మా నేనూ పొద్దున్నే వెళ్లాం. వంటింట్లో పెద్ద గిన్నెడు సోయా గింజలు వేడినీళ్లలో ఉన్నాయి.

"మీల్ మేకర్ దొరకలేదు. రెండూ సోయానే గదా, ఆకారమే వేరు. కాసేపు నానబెట్టి మసాలాలో వేస్తే సరిపోద్దిగా?" అంది వదినె. కోదాడ యాస బాగానే పట్టుబడింది.

రెండూ ఒకటి కావు. గింజలోంచి నూనె తీశాక మిగిలిన పిండితో ఫ్యాక్టరీలో చేసేది మీల్ మేకర్. నీళ్లు తగిలితే చాలు మెత్తబడుతుంది. గింజ అలా లొంగదు. రాత్రంతా నానాలి, పొట్టు పోవాలి, కుక్కర్‌లో చాలాసేపు ఉడకాలి. లేకపోతే పచ్చివాసన కొడుతుంది.

"మీల్ మేకర్‌కైతే అంతే వదినె," అన్నాను. అబద్ధమాడలేదు. ఆమె తనకు కావలసినంతే విన్నది.

వడ్డించాక పిల్ల తండ్రి చాలాసేపు నమిలాడు. పిల్ల తల్లి ఒక్క ముద్దతో ఆపి, గింజలన్నీ విస్తరి అంచుకు నెట్టింది.

"ఏం గింజలమ్మా ఇవి? దాణా వాసనొస్తున్నయ్," అంది.

వదినె మొహంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. నేను మర్యాదగా అందరికీ పెరుగు వడ్డించాను. నా కడుపులో పాలు పోసినట్టయింది. సంబంధమేమీ చెడలేదు గానీ, ఆ వియ్యపురాలు మళ్లీ ఎప్పుడొచ్చినా తినేముందు కూరేమిటని అడిగేదట. ఆ మాట విన్నప్పుడల్లా నాకు హాయిగా ఉండేది.

సూర్యాపేటకు తిరుగు బస్సులో అత్తమ్మ నా పక్కనే కూర్చుంది.

"అవి ఉడకయని నీకు ముందే ఎరుక గదనే?"

"ఎరుకే అత్తమ్మా."

"మరెందుకు చెప్పలే?"

"ఆనాడు చెప్తే నమ్మిండ్రా?"

అత్తమ్మ మునగాల దాటాక నెమ్మదిగా అంది.

"పొద్దుటి సంది కడుపుల ఏం పడలే. ఇంటికి పోంగనే నువ్వే ఇంత వండి పెట్టు బిడ్డా."

నేను వెంటనే సరే అనలేదు. సూర్యాపేట వచ్చేదాకా మళ్లీ మళ్లీ అడిగించుకున్నాను.