ఈశాన్యంలో గుంట

అమెరికాలో మా ఫార్మింగ్టన్ హిల్స్ ఇంటి పెరట్లో గడ్డి ఎంత మొండిదంటే, ఎరువు వేస్తే అలిగి ఎండిపోయేది, వేయడం మానేస్తే పక్కింటివాళ్ళ వైపు వెళ్ళి మొలిచేది. అలాంటి నేలమీద గోల్ఫ్ బంతి దొర్లేంత నున్నటి పచ్చిక, ఆ ఆటవాళ్ళు "గ్రీన్" అనేది, పెంచడం నావల్ల కాదని తెలిసే ప్లాస్టిక్ గడ్డికి ఆర్డరిచ్చాను.

సరదాకి కాదు. అంతకు ముందు ఏడాది మా అమ్మాయి స్కూలు గోల్ఫ్ టీము సెలక్షన్‌కి వెళ్ళి తప్పింది. దూరం కొట్టడంలో మగపిల్లల్ని మించిపోయేది. తీరా గుంట దగ్గరికి వచ్చాక బంతి చేత గుంట చుట్టూ గుడి ప్రదక్షిణలు చేయించేది. "నాన్నా, ఈ ఆగస్ట్‌లో కూడా రాకపోతే నేను గోల్ఫ్ మానేస్తా. ప్రామిస్," అంది. అన్నమాట మీద నిలబడే రకం. నా పోలిక కాదు.

జూలైలో పనివాళ్ళు దిగారు. పెద్ద గదంత మేర మట్టి తవ్వి, కంకరపొడి పోసి, దిమ్మిస కొట్టే యంత్రం పెట్టారు. ఆ అదురుకి మా ఫ్రిజ్‌లో పాలు పెరుగు కూడా కాకుండానే వెన్నయిపోయాయని ఆఫీసులో చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు.

మేస్త్రీ ఎర్రగడ్డం ఆసామి. కంకర పని కొలిక్కి వచ్చాక నా దగ్గరికొచ్చి, "కప్" ఎక్కడ పెట్టమంటావని అడిగాడు. విజయవాడ నుంచి వచ్చిన మా అత్తగారు పెరటి గుమ్మం ముందున్న చెక్క డెక్ మీద కుర్చీ వేసుకుని అంతా చూస్తున్నారు. అతని ఇంగ్లీషంతా వదిలేసి ఆ ఒక్కమాట పట్టుకున్నారు.

"పెరటికి కప్పేమిటి అల్లుడుగారూ? షెడ్డు వేయిస్తున్నారా?"

"ఆ కప్పు కాదండీ. ఈ ఆటలో బంతి పడే గుంటని కప్పంటారు."

షెడ్డేనండీ అని ఊరుకున్నా పోయేది. ఆవిడ కుర్చీలోంచి లేచారు.

"గుంటా! ఎక్కడ?"

వేలు పెట్టి చూపించాను. ఆవిడ సూర్యుణ్ణి చూశారు, ఇంటిని చూశారు, ఆ తరవాత నన్ను చాలా జాలిగా చూశారు.

"అది నైరుతి. నైరుతిలో గుంట పడితే ఇంటి యజమానికి గండం. నా కూతురి పసుపుకుంకుమలేం కావాలి?"

"జానెడైనా లేని గుంటకి మనిషి పోతాడటండీ?"

"దోమ ఎంతుంటుంది? మలేరియా రావడంలా?"

మా ఆవిడ తల్లి పక్షాన చేరింది. "ఎటూ తవ్వేదేగా, ఏవండీ! ఈశాన్యంలో తవ్వించేస్తే పోలా?"

గుంట ఒక్కటే ఈశాన్యానికి పోతే బాగానే ఉండేది. నేల వాలు కూడా అటే ఉండాలన్నారు అత్తగారు. ఎర్రగడ్డం తల గోక్కుని, అలా చేస్తే వాన నీళ్ళన్నీ ఆ కప్‌లోకే పోతాయన్నాడు. మా ఆవిడ దాన్ని తెలుగులో చెప్పింది.

"అదేగా నేను మొత్తుకునేది! నీళ్ళు ఈశాన్యానికే పోవాలి. చూశారా, ఆ అబ్బాయికి శాస్త్రం తెలుసు!"

శాస్త్రం తెలిసిన ఆ అబ్బాయి కంకరని మళ్ళీ వాలుగా సర్ది, గడ్డి చాప పరిచి, సన్నటి ఇసుక చల్లి బ్రష్‌తో లోపలికి పట్టించి, డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు.

మొదటిరోజు మా అమ్మాయి కొట్టిన బంతల్లా గుంటలో పడింది. నేను కొట్టిందీ పడింది. ఫోన్లో మాట్లాడుతూ మా ఆవిడ కాలితో తోసిందీ పడింది. చెట్టుమీది ఉడుత జారవిడిచిన కాయ ఆ మూల నుంచి ఈ మూలకి దొర్లుకుంటూ వచ్చి గుంటలోనే పడింది. పక్కింటి కుక్క తుమ్మితే, ఎక్కడో ఆగి ఉన్న బంతి ఉలిక్కిపడి లేచి వెళ్ళి పడింది. నమ్మకపోతే ఆ కుక్కనే అడగండి.

రెండోరోజు మా అమ్మాయి బంతిని తోసే పట్టర్ కర్రని నేలకేసి కొట్టింది.

"నాన్నా, ఇది గ్రీన్ కాదు, కిచెన్ సింక్! ఎలా కొట్టినా వెళ్తుంది. సెలక్షన్లో ఇలా ఉండదు కదా! నేను మళ్ళీ ఫెయిల్ అవుతా."

పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి. గుంట మార్పిద్దామండీ అని అత్తగారిని బతిమాలాను.

"గుంట మారదు," అన్నారావిడ. కాసేపు మనవరాలి వంక చూశారు. "నైరుతిలో గుంట కూడదు గానీ, బరువుండొచ్చు. ఎంతుంటే అంత మంచిది."

లోపలికి వెళ్ళి తన ఇత్తడి చెంబు తెచ్చారు. నిండా నీళ్ళు పోసి, నైరుతి మూల, ఎత్తు మీద పెట్టారు. పక్కనే కుర్చీ వేసుకున్నారు.

"ఆ గుంట దగ్గర్నుంచి ఎదురెక్కించి కొట్టవే. చెంబుకి తగలాలి. నీళ్ళు మాత్రం తొణక్కూడదు."

"అప్‌హిల్ కదా అమ్మమ్మా, గట్టిగా కొట్టాలి!"

"గట్టిగా అంటే నా చెంబు సొట్టలు పెట్టమనా? మెల్లిగా, అమ్మలూ. పాపాయిని పడుకోబెట్టినట్టు."

మా అత్తగారి ధ్యాసంతా చెంబు మీదే, ఆట మీద కాదు. కానీ రోజూ సాయంత్రం ఆవిడ పెట్టే కేకలకి మా పిల్ల చెయ్యి నెమ్మదించింది. మొదట్లో పెరడంతా నీళ్ళే. పోనుపోను బంతి వాలెక్కి వచ్చి, మెట్టె గచ్చుకి తగిలినంత చప్పుడుతో చెంబుని తాకి ఆగిపోయేది. నీళ్ళు కదిలేవి కావు.

సెలక్షన్ రోజున మేమందరం చూసేవాళ్ళకి కట్టిన తాడు అవతల నిలబడ్డాం. చివరి హోల్ దగ్గర మా అమ్మాయికి దిగువకి కొట్టాల్సి వచ్చింది. మా ఇంట్లో దిగువకి కొట్టడమంటే వదిలేయడమేగా! అలాగే వదిలింది. బంతి గుంటని పలకరించనైనా లేదు, దాటి చాలా దూరం పోయింది. కోచ్ పెదవి విరిచింది. మా ఆవిడ కళ్ళు మూసుకుంది. అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని గోళ్ళు దించారు.

ఇప్పుడు తిరిగి ఎగువకి కొట్టాలి. మా పిల్ల తొందరపడలేదు. నిండా ఊపిరి తీసుకుని బంతిని పంపింది. అది వాలెక్కింది, అంచు దగ్గర ఆగుదామా అన్నట్టు ఒక క్షణం తటపటాయించింది, చప్పుడు లేకుండా లోపలికి దిగిపోయింది.

కోచ్ నడిచి వచ్చి, సోమవారం పొద్దున్న టీము ప్రాక్టీసుకి రాగలవా అని అడిగింది.

"వస్తానండీ!" అంది మా అమ్మాయి.

కోచ్ అయోమయంగా చూసింది. వేసవంతా అమ్మమ్మతో మాట్లాడి మాట్లాడి నోరు తెలుగుకి తిరిగిందని పిల్లకి అప్పుడు తట్టింది. మొహం కందగడ్డ చేసుకుని, "యెస్ కోచ్! యెస్!" అని అరిచింది. ఆ అరుపుకి పక్క హోల్‌లో ఎవరిదో ఆగిపోయిన బంతి కదిలి గుంటలో పడింది. నేను చూడలేదు గానీ, పడే ఉంటుంది.