వంతు ముద్ద

హనుమకొండలో సుభాషిణి మేడమ్ అంటే మాటలు రాని పిల్లల తల్లులందరికీ తెలుసు. పిల్లల నడవడికను గమనించి, ఒక్కో పనినీ చిన్న చిన్న మెట్లుగా నేర్పే ఏబీఏ వృత్తి ఆమెది. పన్నెండేళ్లుగా అదే లోకం. కొత్తగా పనిలో చేరే అమ్మాయిలకు తన గొప్పలేవీ చెప్పదు, తను చేసిన తప్పే చెబుతుంది. చెబుతున్నప్పుడు మాత్రం ముఖం వెలిగిపోతుంది. ఆ రోజులంటే ఆమెకు అంత మమకారం మరి!

అప్పుడామె కోర్సు ముగించి వచ్చిన కొత్త. చేతినిండా బొమ్మల కార్డులు, నోటినిండా నియమాలు. కొత్తవాడ నుంచి కట్టమ్మ తన మనవరాలు అనూషను ఆటోలో తీసుకొచ్చేది. అమ్మానాన్నలు జంపఖానాలు నేసేవాళ్లు, మగ్గం దిగితే గడవదు. ఆరేళ్లు వచ్చినా అనూషకు ఒక్క మాటా రాలేదు. అన్నం నాయనమ్మ చేతి ముద్దయితేనే తినేది.

“ముద్దలు పెట్టుడు బంద్ జెయ్యాలె అమ్మా. కుర్చీల కూసొని చెంచాతోని తనే తినాలె,” అంది సుభాషిణి. కట్టమ్మ సరేనని తలూపింది. చదువుకున్న బిడ్డ చెప్పింది కదా!

రెండు వారాలకే అనూష చిక్కి సగమైంది.

“తింటలేదు మేడమ్. జర పాలు తాగుతాంది, గంతే. నిన్న దవాఖానల గ్లూకోజు ఎక్కిచ్చిన్రు,” అంది కట్టమ్మ. ఒక్క నిష్ఠూరమైనా ఆడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది సుభాషిణికి. ఆ మధ్యాహ్నమే ఆమె వెంట ఇంటికి వెళ్లింది.

మగ్గం పక్కన నేల మీద కట్టమ్మ పెద్దకొడుకు పిల్లలు ముగ్గురు గుండ్రంగా కూర్చున్నారు. కట్టమ్మ పెద్ద తాంబాళంలో పప్పన్నం, మామిడికాయ తొక్కు కలిపి, వరసగా ఒక్కో అరచేతిలో ఒక్కో ముద్ద పెడుతోంది. అనూష మాత్రం గోడవారగా కొత్త ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో కంచంతో. ముగ్గురికీ ముద్దలు అందేదాకా చూసి, నాలుగో వంతు తనదన్నట్టు అరచేయి చాచేది. ఏమీ రాకపోతే మెల్లగా ముడుచుకునేది.

వంతు కోసం ఆగడం, చేయి చాచి అడగడం. ఆరు నెలలుగా కార్డులు పట్టుకుని సుభాషిణి నేర్పలేక చస్తున్నవి అవే! ఈ పిల్లకు ఇంట్లో ఎప్పుడో వచ్చు. తనేమో ఉన్న బడి మూయించింది. చిన్నప్పుడు అమ్మమ్మ కంచం చుట్టూ అక్కతో పడ్డ తోపులాట గుర్తొచ్చి, సిగ్గో దుఃఖమో తెలియక కళ్లు నిండాయి.

“తప్పు నాదే అమ్మా. ఆ కుర్చీ తీసెయ్. మునుపటి లెక్కనే పెట్టు.”

“అయితే నువ్వు గూడ కూసో బిడ్డా,” అంటూ కట్టమ్మ అనూషను కుర్చీ దింపి, పిల్లల వరసలో ఆమె పక్కనే సుభాషిణిని కూర్చోబెట్టింది. ఇంటికొచ్చిన మనిషి కదా, అనూషకు రావలసిన ముద్ద ముందు మేడమ్‌కే పెట్టబోయింది. అంతే! చిన్న చేయి నాయనమ్మ మణికట్టు పట్టి లాగింది.

“నాకు!”

మగ్గం చప్పుడు ఆగిపోయింది. అనూష తల్లి మగ్గం దిగొచ్చి అక్కడే నిలబడిపోయింది. కట్టమ్మ ముద్ద మనవరాలి చేతిలో పెట్టి బావురుమంది.

“ఇన్నొద్దులు యాడ దాసినవే ఈ మాట!”

అనూషకు ఇవేవీ పట్టలేదు. మూతంతా పూసుకుంటూ ముద్ద తినేసి, మళ్లీ అరచేయి చాచింది. కట్టమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

“ఆగే, ఇప్పుడు మేడమ్ వంతు,” అని కసిరింది.

అనూష ఆగింది.