మూగబావి చేను గురించి వచ్చిన జవాబు

దయ్యాల వార్తలు నా ఉద్యోగంలో చాలానే దిద్దాను. గుంటూరు డెస్క్‌లో కూర్చుని, పల్లెల నుంచి కంట్రిబ్యూటర్లు పంపే అలాంటి కథనాలను సగానికి కోసి, లోపలి పేజీలో అడుగున పడేసేవాణ్ణి. ఒక్కదాన్నీ నమ్మలేదు. ఇప్పుడు రాస్తున్నది వేరే ఎవరైనా పంపి ఉంటే దీనికీ అదే గతి పట్టేది.

గుంటూరు చుట్టూ పత్తి చేలు, మిరప చేలు ప్లాట్లుగా మారుతున్న రోజులవి. నా చెల్లెలు రత్నకుమారి భర్త మార్టూరులో గ్రానైట్ పాలిష్ చేసే యూనిట్లో పనిచేస్తూ, రాతి పలక తన మీద పడటంతో చనిపోయాడు. వచ్చిన పరిహారం తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు. ఇద్దరు ఆడపిల్లలతో అద్దె వాటాలో ఉండేది. పొద్దున్నే తమవాళ్లు బయటికి వెళ్లే వేళకు వాకిట్లోకి రావద్దని ఇంటి యజమానురాలు చెప్పింది. ఆ రోజే చెల్లెలు స్థలం కొనాలని నిర్ణయించుకుంది.

నల్లపాడు దాటాక ఒక వెంచర్‌లో ప్లాటు చూసి వచ్చింది. తూర్పు ముఖం. ఈశాన్యం మూల ఒకప్పుడు వ్యవసాయ బావి ఉండేదట. పూడ్చినా జల ఉన్న చోటు కాబట్టి అక్కడే బోరు వేసుకోవచ్చని, వాస్తుకు ఇంతకంటే కలిసొచ్చే ప్లాటు లేదని మేనేజరు చెప్పాడట. మా వైపు ఈశాన్యంలో నీళ్లున్నాయంటే చాలు, మనిషి సగం కొనేసినట్టే. కాగితాలు ఆ తర్వాత చూస్తారు. మా చెల్లెలూ అంతే.

ఆ వెంచర్ ప్రకటన మా పేపర్లోనే అరపేజీ వచ్చింది. అందుకే మా ఆఫీసులో ఎవరినీ సలహా అడగలేదు. స్థిరాస్తి పేజీలో వచ్చే వ్యాసాలు ఎవరు రాయిస్తారో నాకు తెలుసు.

అప్పటికి డెస్క్‌లో ఇంటర్నెట్ వచ్చింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల స్థలాల గురించి జనం మాట్లాడుకునే ఫోరం ఒకటి కనిపించింది. తెలుగునే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేవాళ్లు. సగం మంది బ్రోకర్లే. మారుపేర్లతో వచ్చి తమ వెంచర్‌ను తామే పొగుడుకునేవాళ్లు. రెండు వారాలు చదివాక ఒక్కరి మీద నమ్మకం కుదిరింది. ఆయన 'గొలుసు' అనే పేరుతో రాసేవారు. పొలం కొలిచే గొలుసన్నమాట. ఎవరినీ ఏదీ కొనమని చెప్పేవారు కాదు. పక్క చేల రైతుల్ని అడిగారా, భూమి ఎవరెవరి చేతులు మారిందో కంప్యూటర్ ఇచ్చిన ఈసీతో ఆగిపోకుండా పాత చేతిరాత రిజిస్టర్లు వెతికించారా అని ఎదురు ప్రశ్నలు వేసేవారు. విలేకరులకు నేను నేర్పాలనుకున్న పద్ధతి అదే.

ఆయనకు ప్రశ్న పంపాను. ఊరి పేరు, సర్వే నంబరు, ప్లాటు కొలతలు రాసి, కొనవచ్చా అని అడిగాను. అంతే. బావి మాట ఎత్తలేదు. స్థలం ఎవరి కోసమో చెప్పలేదు. ఆ ప్రశ్న ప్రింటు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మూడో రోజు జవాబు వచ్చింది.

"అది మూగబావి చేను. బావి ఈశాన్యంలో లేదు, ఆ మూలకు ఆరు గజాలు దక్షిణంగా ఉంది. కోటయ్య ఇంకా పైకి రాలేదు. మీ చెల్లెల్ని కొననివ్వకండి."

మొదట నాకు కోపం వచ్చింది. నన్ను ఎరిగినవాడెవడో, బహుశా పక్క వెంచర్ మనిషి, నాతో ఆడుకుంటున్నాడనుకున్నాను. మర్నాడు సెలవు పెట్టి ఆ ఊరు వెళ్లాను. మూగబావి చేను ఎక్కడని టీ కొట్టు దగ్గర అడిగితే ఎవరికీ తెలియదన్నారు. వెంచర్ వేసిన పొలాన్ని పడమటి చెక్క అంటారట. అది ఎవరిదని అడిగితే కోటయ్యదన్నారు. పత్తికి పురుగు పట్టి ఊరంతా మునిగిన ఏడాది, అప్పులవాళ్లకు మొహం చూపించలేక అతను ఊరొదిలి పోయాడట. అప్పుల కింద పోయిన ఆ పొలాన్నే వెంచర్ వాళ్లు కొన్నారట. హైదరాబాదులో కూలి చేస్తున్నాడని కొందరు, వేరే సంసారం పెట్టాడని కొందరు చెప్పారు.

కోటయ్య భార్య శేషమ్మ ఒక షెడ్డులో మిరపకాయల తొడిమలు తీస్తోంది. పక్కనున్న ఆడవాళ్లు ఘాటుకు దగ్గుతూనే ఏదో చెప్పుకొని నవ్వుకుంటున్నారు. ఆమె నుదుట పావలా కాసంత కుంకుమ బొట్టు, చేతులకు నిండుగా గాజులు ఉన్నాయి. నేను పేపర్లో పనిచేస్తానని చెప్పి, మూగబావి అనగానే చేతిలో కాయ కింద పెట్టింది.

"ఆ పేరు మీకెవరు చెప్పారయ్యా?"

ఎవరో రాశారన్నాను.

"ఊళ్లో ఎవరికీ తెలవదు ఆ మాట. ఆ బావిలోకి అరిస్తే మారు పలకదని మా ఆయనే పెట్టాడు. ఇంట్లో మేమిద్దరం అనుకునే పేరు. ఆయన మీకేమన్నా కనపడ్డాడా?"

లేదన్నాను. అది అబద్ధం కాదు. కానీ జవాబులోని మూడో వాక్యం చదివి వినిపించలేకపోయాను.

"పేపరాయన కదా, నాలుగు ఊళ్లు తిరుగుతారు. కనపడితే రమ్మనండి. నేనేం అననని చెప్పండి."

సరేనని తలూపి బస్టాండు దారి పట్టాను.

కలవాలని ఫోరంలో రాస్తే 'గొలుసు' వెంటనే చిరునామా పంపారు. పొదిలిలో ఉంటారు. పేరు మస్తాన్. సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన కూతురు నెట్ సెంటర్లో పనిచేస్తుంది. ఫోరంలో వచ్చిన ప్రశ్నలు ప్రింటు తీసి ఇంటికి తెస్తుంది. ఆయన పాత క్యాలెండర్ కాగితాల వెనక జవాబులు రాస్తారు, మర్నాడు ఆమె టైపు చేస్తుంది. నేను వెళ్లేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఒక మెట్ట పొలం హద్దుల తగాదా గురించి రాస్తున్నారు. నా జవాబు ఉన్న కాగితం కట్టలోంచి తీసి చేతికిచ్చారు. అవే నాలుగు వాక్యాలు, కొట్టివేతలు లేవు.

"రాత నాదే బాబూ. కానీ ఆ చేను నేను చూళ్లేదు. గుంటూరు జిల్లాలో ఒక్కరోజు కూడా పనిచెయ్యలేదు."

"మరి ఇదంతా ఎలా రాశారండీ?"

"మీరు అడిగారు కదా. కోటయ్య సంగతి ఏమిటి, మా చెల్లెలు కొనొచ్చా అని. అడిగిందానికి చెప్పాను."

నేను అలా అడగలేదన్నాను. ఆయన కూతుర్ని పిలిచి నా ప్రశ్న ప్రింటు తెప్పించారు. అది నా దగ్గరున్నదే, అక్షరం తేడా లేదు. రెండుసార్లు చదివారు. కాగితం తిప్పి వెనక వైపు చూశారు. తర్వాత కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఈ కోటయ్య ఎవరని టైపు చేసేటప్పుడే తండ్రిని అడిగానని, ఆ అడిగినాయనకు తెలుసులే అన్నారని కూతురు చెప్పింది. పెద్దాయన ఆ మాటా గుర్తు లేదన్నారు.

ఆయన అబద్ధమాడుతున్నారని నాకు అనిపించలేదు. మనుషుల్ని ప్రశ్నలడిగి బతికినవాణ్ణి, ఆ మాత్రం తెలుసు.

చెల్లెలికి అంతా చెప్పాను. భయపడి మానుకుంటుందనుకున్నాను. ఆమె ఒక పూట ఆలోచించి, తవ్వించి చూద్దామంది. ఏమీ లేదని తేలితే కొనేస్తానంది. మేనేజరుతో కూడా అదే చెప్పింది.

"ఏంటమ్మా, ఇల్లు కట్టుకుంటారా, నిధి తవ్వుకుంటారా?" అని అతను నవ్వాడు.

"ఇంకో స్థలం కొనే శక్తి నాకు లేదండీ. దీని కిందేముందో చూశాకే ఇస్తాను."

బేరం పోతుందేమోనని ఒప్పుకున్నాడు. ఉదయం పది గంటలకు ప్రొక్లెయినర్ వచ్చింది. ఈశాన్యం మూల నిలువెత్తు లోతు తవ్వినా నల్లరేగడి తప్ప ఏమీ రాలేదు. ఎన్నడూ గునపం దిగని నేల. బావి అక్కడ ఎప్పుడూ లేదు. వాస్తు కోసం వాళ్లే దాన్ని మాటల్లో ఆ మూలకు జరిపారు. చెల్లెలు తన చీర కొంగును గజం కింద కొలుచుకుంటూ దక్షిణానికి ఆరు గజాలు వెళ్లి నిలబడింది. అక్కడ రెండడుగుల లోతులోనే రాళ్ల ముక్కలు, పాలిష్ యూనిట్ల నుంచి పారబోసే తెల్లటి పొడి తగిలాయి. వాటి కింద బావి ఒర కనిపించింది. మేనేజరు పని ఆపించబోతే పోలీసులకు ఫోన్ చేశాను.

రాళ్లు తీయడానికి రెండు రోజులు పట్టింది. రెండో మధ్యాహ్నం ఎముకలు బయటపడ్డాయి. వాటితో పాటు వెండి మొలతాడు. పోలీసులు పిలిపించిన శేషమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని కొక్కెం చూసింది. అది విరిగితే తానే ఇనుప తీగతో చుట్టానని చెప్పింది. ఏడవలేదు. బంధువులు వచ్చేలోగా, కొంగుతో నుదుటి బొట్టు తనే తుడిచేసుకుంది. మా చెల్లెలు ఆమె పక్కనే నిలబడి ఉంది.

తిరిగి వస్తుంటే బస్సులో చెల్లెలు ఒక్క మాటే అంది. "ఇన్నేళ్లూ ఆమెను ఎవరూ వాకిట్లోకి రావద్దనలేదు అన్నయ్యా. రేపట్నుంచి అంటారు."

కోటయ్య దూకాడో, జారిపడ్డాడో, ఎవరైనా తోశారో పోలీసులు తేల్చలేదు. బావి పూడ్చినవాళ్లు లోపలికి చూడలేదని చెప్పారు. మస్తాన్ గారికి ఆ ఊళ్లో చుట్టాలు, స్నేహితులు, పాత పరిచయాలు ఉన్నాయేమోనని నాలుగు నెలలు ఆరా తీశాను. ఒక్కరూ దొరకలేదు. ఎవరో చెప్పారనే అనుకున్నా, భార్యాభర్తలిద్దరికే తెలిసిన పేరు ఆయన కలానికి ఎలా వచ్చింది? నా చెల్లెలి సంగతి ఎలా తెలిసింది? ఈ అనుభవాన్ని మా పేపర్లో రాయలేదు. ఒక వ్యవసాయ బావిలో అస్థిపంజరం దొరికిందని మాత్రం నాలుగు వాక్యాల వార్త వచ్చింది. దాన్ని దిద్దింది నేనే.

చెల్లెలు ఆ ప్లాటు కొనలేదు. ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉంది. ఆ తర్వాత మూడు స్థలాలు చూసింది. చూసిన ప్రతిసారీ, పొదిలి ఆయన్ని అడగకుండా అడ్వాన్సు ఇవ్వనని కూర్చుంది. ఆ ఫోరంలో అంతకంటే నమ్మదగిన మనిషి లేడని నేను చెప్పిన మాటే నాకు అప్పజెప్పింది. మూడుసార్లూ సర్వే నంబరు టైపు చేశాను. మూడుసార్లూ పంపకుండా చెరిపేసి, ఆయన నుంచి జవాబు రాలేదని ఆమెకు అబద్ధం చెప్పాను.

జవాబు వస్తుందనే నా భయం.