ఒక నెల తక్కువ

ఏడేళ్లుగా ఒక మాట ఎవరికీ చెప్పకుండా దాచాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా కొడుకు కోడలిని కొట్టేవాడు. వికారాబాద్‌లోని మా ఇంటి గోడకేసి ఆమె తల బాదినప్పుడు అంటిన నెత్తురు నేనే తడిగుడ్డతో తుడిచాను. రెండుసార్లు. చివరికి ఆమె నాలుగేళ్ల బిడ్డను చంకనేసుకుని తాండూరు పారిపోయి, బండల పాలిష్ పనిలో చేరింది. ఎక్కడుందో నాకొక్కదానికే చెప్పింది.

ఒకరోజు కొడుకు ఇంట్లో లేనప్పుడు వచ్చింది. ఒంటరి మహిళ పింఛను కావాలంటే భర్తకు దూరమై ఏడాది దాటాలి. ఆమె పేరు ఇంకా మా ఇంటి రేషన్ కార్డులోనే ఉంది. విచారణకు వచ్చే ఉద్యోగి అడిగేది నన్నే.

"ఏడాది దాటిందని చెప్పు అత్తమ్మా."

"పదకొండు నెలలే. నా లెక్క తప్పదు. అయినా మొగడు బతికుండంగ ఒంటరిదానివెట్లయితవే? బిడ్డ ఖర్చులకు వాని మీద కోర్టుల కేసెయ్యి."

"ఏస్తే నోటీసుల నా అడ్రసు రాస్తరు. నీ కొడుకు కోర్టుకు రాడు, నా ఇంటికొస్తడు." లేచి నిలబడింది. "అన్నీ లెక్కవెడ్తవు గద అత్తమ్మా, నేను తిన్న దెబ్బలెన్ని?"

ఉద్యోగి వచ్చాడు. పదకొండు నెలలన్నాను. పింఛను మంజూరు కాలేదు. అది నిజమే కదా అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. కానీ నా తప్పు అది కాదు. ఉద్యోగి వచ్చిన సాయంత్రమే, ఎవరొచ్చారని కొడుకు అడిగితే, తాండూరులో ఆమె పనిచేసే చోటు, దాని వెనక ఆమె ఉండే గది, ఇంటికి చేరే వేళ, అన్నీ చెప్పాను. ఎందుకు? ఒంటరి అన్న మాట నా కొడుకును చచ్చినవాడిని చేసిందనా? ఆమె ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదనా? వాడేం చేస్తాడో తెలియదా? గోడ తుడిచినదాన్ని, నాకు తెలియకేం!

వాడు మర్నాడే వెళ్లాడు. ఆమె కుడిచేతిని బండమీద అదిమిపట్టి, ఇంకో రాతిముక్కతో నలగ్గొట్టాడు. పిల్ల వాడి కాలు కొరికితే ఒక్క తన్ను తన్నాడు. పిల్ల భుజం ఎముక విరిగింది. తల్లికి రెండు వేళ్లు పోయాయి. వాడు జైలుకెళ్లి వచ్చాడు, తర్వాత ఎటో పోయాడు.

ఆమె మాత్రం నన్ను చూడడానికి వస్తుంది. మిగిలిన మూడు వేళ్లతో దువ్వెన పట్టుకుని నా తల దువ్వుతుంది. "దరఖాస్తుల పని జాగ రాసిన గద, ఆ ఆఫీసాయననే నీ కొడుక్కు చెప్పిండత్తమ్మా, ఆని చేతులు ఇరుగ," అంటుంది. నేను తల కదపను.

ఆమె అడిగిన లెక్క ఇప్పటికీ నా దగ్గర లేదు. రేపు ఆమె వస్తే ముఖం చూసి చెప్పగలనో లేదో కూడా తెలియదు. ఇక్కడైతే రాశాను. ఆ ఉద్యోగికి ఆమె గది తెలియదు. చెప్పింది నేను.