ఇంగ్లిషుకు చేపిన బర్రె

నా చిన్నప్పుడు, బడికి పోని పిల్లలు కూడా పదో తరగతి పరీక్ష రాయవచ్చన్న కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పక్కింటి అక్క. యాకుత్‌పురాలో మా గోడకు ఆనుకొనే వాళ్ల ఇల్లు. వాళ్లు లక్క గాజులకు రాళ్లు అతికే పని చేసేవారు, అక్క మాత్రం కాలేజీకి పోయేది. ఒక పొద్దున పాలకు వచ్చి, గిన్నె అరుగు మీద పెట్టి, "చాచా, మీ బిడ్డ ఇంట్ల చదివి కూడా పరీక్ష రాయొచ్చట. ఫీజు కడితే చాలు" అంది మా నాన్నతో. ఆ రోజు అక్క గిన్నెలో మా నాయనమ్మ కొసరు కాస్త ఎక్కువే పోసింది.

నేను బడి మానడానికి పెద్ద కారణమేమీ లేదు. ఒకనాడు ఇంగ్లిషు పాఠం లేచి నిలబడి చదవమన్నారు. చదివాను. తరగతంతా నవ్వింది. మర్నాటి నుంచి బడి వేళకు నాకు కడుపునొప్పి మొదలయ్యేది, బడి గంట మోగిందని తెలియగానే తగ్గిపోయేది. చూసి చూసి మా నాన్న, ఇంట్లోనే ఉండి బర్రెకు గడ్డి వెయ్యమన్నాడు. అప్పటి నుంచి నా చదువంతా ఇంట్లోనే. తెలుగు, లెక్కలు మా అమ్మ నేర్పింది. దేవుడి పటాల ముందు నాయనమ్మ నోటి నుంచి విని స్తోత్రాలు నేర్చుకున్నాను. ఇంగ్లిషు పుస్తకం కనిపిస్తే మాత్రం పక్కకు తప్పుకునేదాన్ని.

మా నాన్న అక్క మాటకు ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. "ఒక్కసారే. ఇంగ్లిషు పోయిందంటే పుస్తకాలు అటక మీదికే. మల్ల పరీక్ష గిరీక్ష అని నా దగ్గరికి రావొద్దు." ఆయనకు చదువు మీద కోపం లేదు, నమ్మకమూ లేదు. తప్పితే మళ్లీ రాసే వీలు లేదన్న మాట మాత్రం నా గుండెల్లో రాయిలా కూర్చుంది. ఎందుకంటే, చెప్పొద్దూ, నాకు ఆ పరీక్ష ఎంతో కావాలనిపించింది. ఎందుకో అప్పుడు చెప్పలేకపోయేదాన్ని.

మధ్యాహ్నాలు గాజులకు రాళ్లు అతుకుతూ అక్క నాకు వ్యాకరణం చెప్పేది. అది ఎలాగో పట్టుబడింది. చిక్కంతా చదవడం దగ్గరే వచ్చింది. పరీక్షలో ఎప్పుడూ చూడని ఒక కథో, సంగతో ఇచ్చి, కింద ప్రశ్నలు అడుగుతారు. నేను పెదవులు కదలకుండా గొణిగేదాన్ని. కష్టమైన మాట వస్తే మింగేసేదాన్ని. వాక్యం చివరికి చేరేసరికి మొదలు గుర్తుండేది కాదు. అక్క చివరికి గోడ మీది నుంచి మా నాయనమ్మకు మొర పెట్టుకుంది. "దాదీ, మీ మన్మరాలు చదువుతలేదు, నములుతున్నది. సగం మాటలు కడుపులకే పోతున్నయ్. ఇగ జవాబులు యాడికెళ్లి రాస్తది?"

నాయనమ్మకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. ఆమె ఊఁ అని చెంబు కడగబోయింది.

మా దగ్గర పాలు కొనేవాళ్లు వాకిట్లో నిలబడి, తమ కళ్ల ముందు పిండించుకొని పట్టుకుపోయేవారు. పిండేది నాయనమ్మే. దూడను ఒక్క గుక్క తాగనిచ్చి పక్కకు లాగితే బర్రె చేపేది, అంటే పొదుగులోకి పాలు దిగేవి. ఆ మర్నాడు దూడను లాగాక కూడా నాయనమ్మ పిండకుండా కూర్చుంది. చెంబు ఖాళీగా ఉంది. గిన్నెలు పట్టుకొని వాకిట్లో జనం ఉన్నారు.

"దూడ సాల్తలేదు దీనికి," అంది నాయనమ్మ. "నిన్న పిల్ల ఇంగ్లిషు గొణుక్కుంటుంటే దీని చెవులు నిక్కినయ్. పుస్తకం తేపోవే. జర గట్టిగ చదువు."

"బర్రెకు ఇంగ్లిషేందే అమ్మా!" అన్నాడు నాన్న.

"బర్రె సంగతి నీకెర్కనా, నాకెర్కనా?"

నాన్న గడ్డి మోపెత్తుకొని పశువుల కొట్టంలోకి పోయాడు. నేను పుస్తకం తెచ్చి, గుంజ చాటున నిలబడి మొదలుపెట్టాను. రైల్లో గొడుగు పోగొట్టుకున్న ఒక మనిషి కథ అది. నా గొంతు లేచినంతసేపు పాలు జుయ్యిమని చెంబులో పడేవి. గొంతు తగ్గితే ధార సన్నబడేది. మాట మింగానో, పాలు పూర్తిగా ఆగిపోయేవి. వాక్యం చివరి చుక్క దాకా చదివితేనే మళ్లీ ధార.

అందరికంటే తొందర సందు మొగన చాయ్ హోటల్ నడిపే భాయ్‌ది. ఆయన పెద్ద డబ్బా పట్టుకొని నిలబడి, నేను తప్పు చదివినప్పుడల్లా పొట్ట పట్టుకొని నవ్వేవాడు. నవ్వుతూనే, "చదువమ్మా చదువు, ఆగకు! ఆడ గిరాకీలు లొల్లి చేస్తున్నరు, చాయ్‌ల నీళ్లు పోయాల్నా?" అని తొందర పెట్టేవాడు. మొదటి రోజుల్లో ఆ నవ్వుకు ఏడుపొచ్చేది. కానీ ఏడుస్తూ నిలబడితే పాలు ఆగేవి, పాలు ఆగితే అందరూ నా వైపే చూసేవారు. అంతకన్నా చదవడమే నయమనిపించేది.

అసలు వింత మా నాన్నది. చదువెందుకన్న మనిషే పశువుల కొట్టంలోంచి అరిచేవాడు. "ఆపినవేందే? చదువుమంటే చదువవేంది! పాలు ఆగినయ్ సూడు!" అక్క ఓఢ్నీ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వేది.

కొన్నాళ్లకు వాకిట్లో వాళ్లకు కథ మీద ధ్యాస పుట్టింది. "గొడుగు దొరికిందా?" అని భాయ్ వస్తూనే అడిగేవాడు. నేను తెలుగులో చెప్పాల్సి వచ్చేది. చెబితే ఊరుకునేవారా? "స్టేషన్ మాస్టరే తీసిండు, రాసిపెట్టుకోండ్రి. మన యాకుత్‌పురా స్టేషన్ల నా టిఫిన్ డబ్బా గిట్లనే పోయింది," అనేవాడు భాయ్. "అట్ల యాడుంది భాయ్? ఆయన మంచోడని మొదట్లనే రాసుంది, చూడవే," అనేది అక్క. నేను వెనక్కి పోయి ఆ మాట వెతికి మళ్లీ చదివేదాన్ని. "మరి మంచోడైతే గొడుగు చూసి గూడ ఎందుకు సప్పుడు చెయ్యలే?" అని నాయనమ్మ పొదుగు మీంచి తల ఎత్తకుండానే అడిగేది. దానికీ వెతికేదాన్ని. ఒక కథ అయిపోతే అక్క ఎక్కడో అడిగి ఇంకో పుస్తకం తెచ్చేది. బర్రె మాత్రం గడ్డి నములుతూ, అన్నీ ముందే చదివినట్టు నిలబడి ఉండేది.

అలా చలికాలం గడిచింది. పరీక్ష దగ్గర పడ్డాక నా గొంతు పూర్తిగా పోయింది. పొద్దున లేచి నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు. నాకు పరీక్ష కంటే ముందు పాలు గుర్తొచ్చాయి. వాకిట్లో అప్పటికే గిన్నెలు వచ్చేశాయి. పుస్తకం పట్టుకొని నిలబడి నాయనమ్మ వైపు చూసి, గొంతు చూపించి, రావడం లేదని సైగ చేశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాయనమ్మ దూడను లాగింది. పొదుగు కడిగింది. పిండడం మొదలుపెట్టింది.

పాలు జుయ్యిమని పడ్డాయి. ఒక్క ఇంగ్లిషు ముక్క లేకుండా చెంబు నురగతో నిండింది. నేను నాయనమ్మ వేళ్ల వైపు చూశాను. ఆమె తల ఎత్తలేదు. వెనక్కి తిరిగి వాకిలి వైపు చూశాను. అక్క ఓఢ్నీ సర్దుకుంటోంది. భాయ్ మబ్బుల్లో ఏదో వెతుకుతున్నాడు. గిన్నెలు పట్టుకున్నవాళ్లలో ఒక్కరూ నా మొహం చూడటం లేదు. ఆశ్చర్యపోయినవాళ్లూ ఒక్కరూ లేరు.

అప్పుడు తెలిసింది. ఏళ్ల తరబడి పాలు పిండించుకున్నవాళ్లకు, బర్రె ఎప్పుడు చేపుతుందో, నాయనమ్మ పిడికిలి ఎప్పుడు వదులవుతుందో తెలియదా? అందరికీ మొదటి రోజే తెలుసు. హోటల్లో గిరాకీలు లొల్లి చేస్తున్నా, అక్కకు కాలేజీకి ఆలస్యమవుతున్నా, నేను చుక్క దాకా చేరేవరకు ఆ గిన్నెలన్నీ రోజూ నిలబడి ఉన్నాయి.

తెలియనిది ఒక్క మా నాన్నకే. "ఇయ్యాల చదువకున్నా చేపిందేందే అమ్మా?" అన్నాడు నిజంగానే అబ్బురపడుతూ.

"పరీక్ష దగ్గరికొచ్చింది గదరా," అంది నాయనమ్మ. "సెలవిచ్చింది."

ఆ సాయంత్రం నాయనమ్మ వేడి పాలలో మిరియాలు, పసుపు వేసి తెచ్చింది. నేను లేని గొంతుతో ఎందుకలా చేశావని అడిగాను. "నాకేమన్న చదువొస్తదా బిడ్డా, నీకు చెప్పనీకి? పాలు పిండుడొక్కటే వస్తది. గదాన్తోనే చెప్పిన" అని, నా నెత్తి నిమిరి గడ్డి వేయడానికి పోయింది.

దేవుడి దయవల్ల పరీక్ష నాటికి గొంతు వచ్చింది. అదే ముప్పు తెచ్చింది. ప్రశ్నపత్రంలో ఒక ముసలాయన, ఆయన గడియారం గురించిన కథ ఇచ్చారు. అలవాటు కొద్దీ నేను లేచి నిలబడి, గుంజ పక్కన నిలబడ్డట్టే, గట్టిగా చదవడం మొదలుపెట్టాను. హాలంతా ఒక్కసారిగా గొల్లుమంది. కాపలా ఉన్న టీచరమ్మ బల్ల మీద కొట్టి, "కూర్చో! మనసులో చదువుకో!" అంది.

కూర్చున్నాను. చెవులు వేడెక్కాయి. అంతే, కడుపు నొప్పి రాలేదు. ఇంతకంటే పెద్ద నవ్వు భాయ్‌ది, దాన్ని రోజూ చూసినదాన్నే కదా అనిపించింది. మళ్లీ మొదటి నుంచి, పెదవులు మూసుకొని, చుక్క నుంచి చుక్కకు చదువుకుంటూ పోయాను. ముసలాయన గడియారాన్ని ఎందుకు అమ్మలేదన్నది ప్రశ్న. భాయ్ ఏమంటాడో, అక్క ఎలా కాదంటుందో, నాయనమ్మ చివర ఏమడుగుతుందో అన్నీ లోపల వినిపించాయి. జవాబు రాశాను.

పాసయ్యాను. మా నాన్న ఆ రోజు బర్రెకు మెడలో పూలదండ వేసి, వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించాడు. తర్వాత ఇంకో బర్రెను కొనబోయినప్పుడు కూడా, ఇది ఏ మాటకు చేపుతుందని అమ్మేవాణ్ని అడిగాడట. అసలు సంగతి ఆయనకు ఎవరం చెప్పలేదు.

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. అక్క కూడా లేదు. ఇప్పటికీ పొద్దున దీపం వెలిగించి స్తోత్రం పైకే చదువుకుంటాను. పళ్లు ఊడి మాట జారుతోందని మనవలు నవ్వుతారు. నవ్వనివ్వండి, చివరి మాట దాకా చదివే లేస్తాను. మా సందులో పిల్లలు కొందరు సాయంత్రాలు నా దగ్గరికి ఇంగ్లిషు చదువుకోవడానికి వస్తారు. వాళ్లకు దోసెలు పోస్తూ వింటాను. గొంతు తగ్గితే నా గరిటె ఆగిపోతుంది. పెనానికి ఇంగ్లిషు వినపడితేనే దోసె లేస్తుందని చెబుతాను. నమ్ముతారో, నమ్మినట్టు నటిస్తారో దేవుడికెరుక.

మీ ఇంట్లోనో, పొరుగునో ఏ బిడ్డైనా పైకి చదువుతూ మధ్యలో తడబడితే, మీ చేతిలో పని కాసేపు ఆపి, ఆ వాక్యం చివరి దాకా నిలబడండి. ఆ కాసేపు, అక్షరం రాని మా నాయనమ్మను ఒక్కసారి తలచుకోండి.