నేను నూనె అనలేదు

ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు. పెళ్ళిళ్ళలో, చెరువు గట్ల మీద ఆ కథ చెప్పుకుని నవ్వారే గాని, "ఏవండీ, ఆవేళ అసలు మీరేమన్నారు?" అని ఒక్కరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. మండవల్లి దగ్గర మా మేనమామ చెరువులో చేపలకు ఒంటి మీద ఎర్ర పుండ్లు లేచాయి. ఏ మందూ పనిచెయ్యలేదు. ఏలూరు నెట్ సెంటర్‌లో చదివిన సంగతి ఒకటి ఆయనకు గట్టు మీద చెప్పాను.

"మోనోలారిన్ అని ఒకటుందండీ మావయ్యా. కొబ్బరినూనెలో ఉండే ఆమ్లంతో తయారు చేస్తారు. కొన్ని బ్యాక్టీరియాలకీ వైరస్‌లకీ ఒంటిచుట్టూ కొవ్వు పొర ఉంటుంది. దాన్ని ఇది చెడగొడుతుందట."

"లారీనా? జబ్బు చేపలకి లారీ ఎందుకు అల్లుడూ? ఇంకా పట్టుబడికే రాలేదు, పట్టి అమ్మేటప్పుడు కదా లారీ!"

గట్టు మీదున్న వాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వులోనే నా మిగతా మాటలు పోయాయి. నూనెలో ఆ ఆమ్లం గ్లిజరిన్‌కి మూడేసి చొప్పున అతుక్కుని ఉంటుందనీ, ఒక్కటే అతుక్కుంటే మోనోలారిన్ అనీ, నూనె వేరు, అది వేరనీ చెప్పాను. అది ల్యాబు పరీక్షల్లో పనిచేసింది గాని చేప పుండు మీద పనిచేస్తుందో లేదో తెలీదు, ముందు ఓ తొట్టిలో నాలుగు చేపల మీద చూద్దామన్నాను.

"కొబ్బరినూనే కదా, తెలిసిందిలే" అన్నారు మావయ్య.

నేను తాడేపల్లిగూడెం వెళ్ళిపోయాక ఆ పని చేసేశారు. మా వైపు మేత తవుడుని చిల్లుల సంచుల్లో పోసి చెరువులో కర్రలకి వేలాడదీస్తారు. ఆ తవుడులో డబ్బాల కొద్దీ కొబ్బరినూనె కలిపారు. నూనె చిల్లుల్లోంచి కారి నీళ్ళ మీద తెట్టులా పరుచుకుంది. గాలాడక చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలాయి. చాలా చచ్చిపోయాయి.

"చెరువుకి తలంటు పోయించాడయ్యా మా అల్లుడు!" అన్నారు మావయ్య. అప్పటి నుంచి ఊళ్ళో నేను తలంటు మేష్టారిని.

మోనోలారిన్ ఆ చేపల్ని బతికించేదని ఇప్పటికీ అనను. క్రిములన్నీ దానికి లొంగవని తర్వాత చదివాను. ఆ పుండ్ల క్రిమి కూడా లొంగేది కాదేమో. అలా తేలి ఉంటే ఒప్పుకునేవాణ్ణి. పరీక్షే పెట్టని మందు ఓడిపోయిందనడం, అనని మాట నా నోట పెట్టడం మాత్రం నాకు మింగుడుపడదు.

మొన్న పెదపాడు పెళ్ళి భోజనాల్లో మావయ్యని అడిగేశాను. "నేను నూనె పొయ్యమన్నానా?"

"ఇప్పుడెందుకులే అల్లుడూ, పప్పు వేయించుకో" అన్నారు.

వేయించుకున్నాను. ఇది ఎవరిచేతనైనా చదివించుకుంటారుగా మావయ్యా, ఇప్పుడు చెప్పండి. ఆవేళ నూనె పొయ్యమని నేనన్నానా, లేదా?