ఏప్రిల్‌కి చెల్లని ఉగాది

ప్రేమజ్యోతి చేతికి నా చేయి అప్పగించి నాలుగేళ్ళయింది. సోమ, బుధ, శుక్రవారాలు నర్సీపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డయాలసిస్ మెషీన్ పక్కన పడుకుంటాను. ఎడమ చేతికి సూదులుంటాయి, కుడి చేతిలో పుస్తకం ఉంటుంది. ఒంటిచేత్తో పేజీ తిప్పడం తంటా. అందుకని చదివేది తక్కువ, వినేది ఎక్కువ.

ఆమె నవ్వుతూ పలకరించే నర్సు కాదు. నీళ్ళు ఎక్కువ తాగి వచ్చిన రోగిని అందరి ముందూ కడిగేస్తుంది. మిషన్ చర్చి కుటుంబం, బలిఘట్టం వైపు ఇల్లు. తండ్రి వరదానం గారిని నేనెరుగుదును. నేను పాఠాలు చెప్పిన బడిలోనే అటెండరుగా చేసి రిటైరైన మనిషి. గుడ్ ఫ్రైడే నాడు వాళ్ళ చర్చిలో పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన జరుగుతుంది. సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఐదోది “దప్పిగొనుచున్నాను” అన్న దాహం మాట. బతికున్నన్నాళ్ళూ అది వరదానం గారిదే. ఆయన పోయాక ఎవరెవరో చెప్పారు. పోయిన ఏడు పాస్టరు గారు ఆ మాట ప్రేమజ్యోతికి ఇచ్చారు. ఆ కుటుంబంలో ఒక ఆడమనిషి ఆ చోట నిలబడటం అదే మొదలు.

యూనిట్లో ఇంకో నర్సు ఫణిశ్రీ. ఉగాది, చవితి, సంక్రాంతి ఫణిశ్రీవి. గుడ్ ఫ్రైడే, ఈస్టర్, క్రిస్మస్ ప్రేమజ్యోతివి. ఒకరి పండగకి ఇంకొకరు డ్యూటీ చేసేవారు. ఎవరూ ఎక్కడా రాసుకోలేదు, ఎవరూ మరిచిపోలేదు. ఇద్దరూ ఒకే షేర్ ఆటోలో వచ్చేవారు.

అదే ఏడు, ఉగాదికి ముందు, ఆసుపత్రిలోకి యాప్ వచ్చింది. హాజరు, సెలవు, డ్యూటీ చార్టు, జీతం అన్నీ ఫోన్లోకి పోయాయి. ఫణిశ్రీ యూనిట్‌కి ఇన్‌ఛార్జి అయింది. హాలు చివర అద్దాల గది ఆమెకిచ్చారు. ఆ ఉగాదికి కూడా ప్రేమజ్యోతే ఆమె డ్యూటీ చేసింది. ఏప్రిల్ చార్టు వచ్చేసరికి గుడ్ ఫ్రైడే పగటి డ్యూటీ ప్రేమజ్యోతి పేరు మీద ఉంది.

“ఏటి ఫణీ, శుక్రవారం నా మీద పడేసినావు?”

“నానెక్కడ పడేసేనక్కా, యాప్ వేసింది.”

“మరి మార్చు.”

“మారదు. ఒకే నెలలో అయితేనే డ్యూటీలు మార్చుకోనిస్తాది. నువ్వు నాకు చేసింది మార్చిలో. ఇది ఏప్రిల్.”

“ఉగాది పచ్చడి కలుపుకున్నప్పుడు ఏ నెలో చూసుకున్నావేటి?”

“నా మీద ఎగిరితే ఏటొస్తాది? నా సేతిలో ఏటుంది సెప్పు.”

ఆ మాట అంటూ ఫణిశ్రీ ఫోన్లోంచి తల ఎత్తలేదు. నాకు ఆమె అంటే అప్పుడూ ఇష్టం లేదు, ఇప్పుడూ లేదు.

ప్రేమజ్యోతి ఫిర్యాదు పెట్టింది. రెండు రోజులకి హెచ్.ఆర్. మేనేజరు హేమసుందర్ యూనిట్‌కి వచ్చాడు. కుర్రవాడే, మాట మెత్తన.

“మేడమ్, మీ రిక్వెస్టు మీ ఇన్‌ఛార్జి దగ్గరే ఉందండి. ప్రత్యేక అనుమతి అని ఒక బటన్ ఉంటుంది. ఆవిడ నొక్కితే నెల అడ్డు రాదు.”

“ఆ బటన్ సంగతి ఆవిడకి తెలీదేమో.”

“తెలీకపోవడమేంటండీ. ఉగాదికి, అదే నెలలో బదులు డ్యూటీ చెయ్యకుండా, తనకి తనే వాడుకున్నారు కదా.”

అనేశాక నాలిక్కరుచుకున్నాడు. ప్రేమజ్యోతి నా చేతి మీద ప్లాస్టర్ అంటిస్తోంది. వేళ్ళు ఆగలేదు.

“అయితే మీరే నొక్కండి.”

“అలా కుదరదండి. ఆవిడ అధికారాన్ని పక్కన పెట్టినట్టవుతుంది.”

“ఆవిడ యాప్ అంటాది. మీరు ఆవిడంటారు. యాప్‌ని అడుగుదామంటే దానికి నోరు నేదు.”

ఆమె నేరుగా అద్దాల గదికి వెళ్ళింది. తలుపు వేసుకున్నా మాటలు వినిపించాయి. ప్రత్యేక అనుమతి ఇచ్చినప్పుడల్లా ఇన్‌ఛార్జి స్కోరు తగ్గుతుందట. ఉగాదికి ఒకసారి తగ్గింది. ఇంకోసారి తగ్గితే ప్రమోషన్ జాబితాలో ఉండదట.

“నీ పండక్కి తగ్గొచ్చు, నా పండక్కి తగ్గకూడదు. అంతేనా?”

“అంతే అనుకో.”

శుక్రవారం ప్రేమజ్యోతి తెల్ల చీర సంచిలో పెట్టుకుని డ్యూటీకి వచ్చింది. ఫణిశ్రీ తన గదిలో ఉంది. ఒంటిగంట దాటాక ప్రేమజ్యోతి ప్రతి మంచం దగ్గరా ఆగి మెషీన్ చూసింది, బీపీ చూసింది. బాత్రూములోకి వెళ్ళి తెల్ల చీరతో వచ్చింది. మందుల బీరువా తాళాలు అద్దాల గదిలో బల్ల మీద పెట్టింది. ఈసారి తలుపు తెరిచే ఉంచింది.

“నలుగురు మెషీన్ల మీదున్నారు. మాస్టారి బీపీ కాస్త తగ్గింది, మళ్ళీ సూడు.”

“హ్యాండోవర్ నేను యాక్సెప్ట్ చెయ్యలేదు.”

“ఫోన్లో చెయ్యలేదు. తాళాలు నీ ముందున్నాయి. మనుషులూ నీ ముందున్నారు.”

“గడప దాటేవంటే ఆబ్సెంట్ కొడతాను.”

“బేగి కొట్టు. మళ్ళీ మరిసిపోతావు.”

ఆమె తిరిగి రాకముందే ఆమె మాటలు ఆసుపత్రికి చేరాయి. మందుల షాపు జాన్ ప్రసాద్ భార్య చర్చి నుంచే రికార్డు చేసి పంపింది. అతను యూనిట్లోకి వచ్చి అందరికీ వినిపించాడు. ప్రేమజ్యోతి గొంతు మైకులో ఇంకా గట్టిగా ఉంది.

“దాహమన్నవాడికి పుల్లటి చిరక, పులిసిపోయిన ద్రాక్షరసం, అందించారు. ఊళ్ళో నీళ్ళు లేకనా? కాదు. చిరక చేతికి దగ్గరగా ఉంది. అది ఇచ్చేసి, మా చేతిలో ఇంకేముంది అన్నారు. అలా అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మనతో పాటు ఆటో ఎక్కుతారు. మనం వండింది తింటారు. మన చేత పని చేయించుకుంటారు. దాహమేస్తే మాత్రం ఫోనులో చూసి చెబుతామంటారు.”

పాస్టరు గారు గొంతు సవరించుకోవడం వినిపించింది. ఫణిశ్రీ అప్పుడు నా సూదులు తీస్తోంది. ఒత్తి పట్టుకోవలసిన చోట పట్టుకోలేదు. నా చొక్కా మీద రక్తం పడింది.

ప్రేమజ్యోతి మూడు దాటాక వచ్చింది.

“చర్చిలో నిలబెట్టి నన్ను తిట్టేవంట.”

“నీ పేరెత్తలేదు. నీకెందుకు తగిలింది?”

“దేవుడి మాట చెప్పమంటే పగ చెప్పుకున్నావు. మీ నాన్న ఇలాగే చెప్పేవాడా?”

“మా నాన్నకి నీలాంటి మనిషి తగల్లేదు.”

ఆబ్సెంట్ పడింది. ఆ పైన ఆమెను క్యాజువాలిటీకి, రాత్రి డ్యూటీలకి మార్చారు. యాప్ మార్చిందని ఫణిశ్రీ చెప్పింది. కొత్త నర్సు చేతిలో నా చేయి వాచింది. ఇంకా ఇద్దరు ముగ్గురి చేతులు వాచాక గాని ప్రేమజ్యోతిని తిరిగి యూనిట్‌కి పంపలేదు. అప్పటికి ఆ ఇద్దరూ ఒకే ఆటో ఎక్కడం మానేశారు. ఒకరుంటే ఇంకొకరు దిగిపోయి, వెనక వచ్చే ఆటో కోసం ఎండలో నిలబడేవారు.

వినాయక చవితి వచ్చింది. ఇన్‌ఛార్జి సెలవు పెడితే ఆ రోజు బాధ్యత తీసుకునే నర్సు యాప్‌లో ఒప్పుకోవాలి. యూనిట్లో ఆ అర్హత ఉన్నది ప్రేమజ్యోతికే. చవితినాడు ఆమెకి వారపు సెలవు. ఫణిశ్రీ రిక్వెస్టు ముందే పంపింది. ప్రేమజ్యోతి ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. వద్దంటే హేమసుందర్ వేరే వార్డు నుంచి ఎవరినో చూసేవాడు. రిక్వెస్టు అలాగే ఉండిపోయింది.

చవితినాడు ఫణిశ్రీ పట్టుచీరతోనే డ్యూటీకి వచ్చింది. ఇంటి నుంచి ఫోన్లు వస్తున్నాయి. పత్రి ఎక్కడ పెట్టారో, పిల్లలు ఎంతసేపు ఆగాలో అద్దాల గదిలోంచే చెబుతోంది.

మధ్యాహ్నం ప్రేమజ్యోతి వచ్చింది. యూనిఫాం లేదు, చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. అద్దాల గదికి ఎదురుగా, రోగుల తాలూకు మనుషులు కూర్చునే బెంచీ మీద కూర్చుంది.

ఫణిశ్రీ బయటికి వచ్చింది. గొంతు తగ్గించింది. “ఖాళీగానే ఉన్నావు కదక్కా. ఆ బటన్ నొక్కు. పిల్లలు పూజ దగ్గర కూసుని ఉన్నారు.”

ప్రేమజ్యోతి డబ్బా మూత తీసింది.

“ఖాళీగానే ఉన్నాను. ఇంటికాడ ఉంటే నీకు కనిపించదని వచ్చేను.”

 లోపల మళ్ళీ ఫోను మోగితే ఫణిశ్రీ వెళ్ళిపోయింది. ప్రేమజ్యోతి నెమ్మదిగా తింది, డబ్బా కడుక్కుంది, వచ్చి మళ్ళీ అదే బెంచీ మీద కూర్చుంది.